ఓటు అడగని ముఖ్యమంత్రి: వెల్లోడి పాలన, మన అడవి పల్లెలు

రాజకీయాలు కుళ్ళిపోయాయి, నిజాయితీ గల అధికారుల చేతిలో పెడితే దేశం బాగుపడుతుంది అనే మాట మన మధ్యతరగతి ఇళ్ళల్లో తరచు వినబడుతుంది. ఉపాధ్యాయుల గదిలో నేను ఏళ్ళ తరబడి వింటున్నాను. టీ తాగుతూ అనుకునే మాటే కదా అని దాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. ఆ మాట వెనక ఒక రాజకీయ సిద్ధాంతం ఉంది. రాజకీయ నాయకుడికి స్వార్థం ఉంటుంది, అధికారికి ఉండేది నియమావళి. నాయకుడు ఏదో ఒక పక్షం వాడు, అధికారి ఏ పక్షమూ కానివాడు అనేది ఆ సిద్ధాంతం. దీన్ని తర్కంతో ఖండించడం కంటె చరిత్రతో పరీక్షించడం మేలు. అందుకు మనం దూరం పోనక్కర్లేదు. మన తెలంగాణ భాగంగా ఉన్న హైదరాబాదు రాష్ట్రాన్ని 1950 జనవరి 26 నుంచి 1952 మార్చి 6 దాకా ముఖ్యమంత్రి హోదాలో పాలించినవాడు ఒక ఐ.సి.ఎస్. అధికారి. ఆయన పేరు ఎం.కె. వెల్లోడి. ఆ రెండేళ్ళ పైచిలుకు కాలం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉండేది ఒకటి రెండు వాక్యాలు. పోలీసు చర్య జరిగింది, వెల్లోడి వచ్చాడు, ఎన్నికలు జరిగాయి, బూర్గుల ముఖ్యమంత్రి అయ్యాడు. ఈ నాలుగు ముక్కల మధ్య ఏం జరిగిందో గోదావరి ఒడ్డు అడవిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

వెల్లోడిని అర్థం చేసుకోవడానికి ఆయన పక్కన మరొకరిని నిలబెట్టి చూడడం ఉపయోగం. జపాన్ ప్రధానమంత్రిగా చేసిన కిషి నొబుసుకె కూడా వెల్లోడిలాగే 1896లో పుట్టాడు. ఒకరిది మలబారు, మరొకరిది యమగుచి. ఇద్దరూ ఆనాటి తమ తమ సామ్రాజ్యాల అత్యున్నత ఉద్యోగ వ్యవస్థలో తయారైనవాళ్ళే. ఒకరు బ్రిటిష్ సామ్రాజ్యానికి, మరొకరు జపాన్ సామ్రాజ్యానికి ఫైళ్ళు రాశారు. ఇద్దరూ సామ్రాజ్యాలు కూలిపోయాక కూడా కుర్చీలో నిలిచారు. ఇద్దరి దారులూ ఒకచోట కలిసి, ఒకచోట విడిపోతాయి. ఆ విడిపోయిన చోటే మనకు కావలసిన పాఠం ఉంది.

కిషి 1920లో వ్యవసాయ వాణిజ్య మంత్రిత్వ శాఖలో చేరాడు. 1936లో మంచూరియా వెళ్ళాడు. చైనా నుంచి ఆ ప్రాంతాన్ని ఊడబెరికి జపాన్ సైన్యం మంచుకువో అనే తోలుబొమ్మ రాజ్యాన్ని నిలబెట్టిన రోజులవి. అక్కడి పరిశ్రమలన్నీ కిషి కలం కిందికి వచ్చాయి. పంచవర్ష ప్రణాళిక వేశాడు. 1937లో నిస్సాన్ సంస్థను మంచూరియాకు రప్పించి భారీ పరిశ్రమలను దాని చేతిలో పెట్టించాడు. ఆ ప్రణాళిక కింద బొగ్గు తవ్వినవాళ్ళు, ఇనుము కరిగించినవాళ్ళు చైనా కూలీలు. వాళ్ళు ఎట్లా తవ్వారో, ఎంతమంది ఆ గనుల్లోనే మట్టిలో కలిసిపోయారో బొగ్గుగని పట్టణంలో బతికేవాళ్ళకి వివరించనక్కర్లేదు. 1941లో ఆయన టోజో యుద్ధ మంత్రివర్గంలో వాణిజ్య పరిశ్రమల మంత్రి అయ్యాడు. అమెరికా, బ్రిటన్లమీద యుద్ధ ప్రకటనకు సమ్మతించిన మంత్రుల్లో ఆయన ఒకడు. ఆ మంత్రివర్గమే 1942 నవంబరులో చైనా కూలీలను జపాన్‌కు తరలించాలని తీర్మానించింది. దాని ప్రకారం దాదాపు 39 వేలమందిని పట్టుకుపోయి గనుల్లోను, రేవుల్లోను, కట్టడాల్లోను పనికి తోశారు.

యుద్ధంలో ఓడిపోయాక కిషిని ప్రథమ శ్రేణి యుద్ధ నేరస్థుడనే అనుమానంతో సుగామో జైల్లో పెట్టారు. 1948 డిసెంబరు 23న టోజోను ఉరితీశారు. ఆ మర్నాడే కిషి విడుదలయ్యాడు. విచారణే జరగలేదు. అమెరికాకు అప్పటికి కొత్త శత్రువులు తయారయ్యారు. పాత శత్రువుల్లో పనికొచ్చేవాళ్ళు కావలసివచ్చారు. 1953లో కిషి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1957లో ప్రధానమంత్రి అయ్యాడు. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశాడు. ఆ మరుసటి ఏడాది, 1958లో, జపాన్ తన మొట్టమొదటి యెన్ రుణం ఇచ్చింది మన దేశానికే. తర్వాత జపాన్ ఉక్కు కొలుముల కోసం బైలదిల్లా ఇనుప ఖనిజం కదిలింది. బస్తరు కొండల్లోంచి విశాఖపట్నం రేవుకు రైలుమార్గం పడింది. భద్రాచలం అడవికి అవతలి అంచు ఆ బస్తరే. కిషి జీవితం మనకు అంత దూరపు కథేమీ కాదని చెప్పడానికే ఈ సంగతి.

కిషి ఎట్లా దిగిపోయాడో కూడా చూడాలి. అమెరికాతో కొత్త భద్రతా ఒప్పందాన్ని పార్లమెంటులో నెగ్గించుకోవడానికి 1960 మే నెలలో ప్రతిపక్ష సభ్యులను పోలీసులచేత బయటికి మోయించాడు. అర్ధరాత్రి ఓటు వేయించాడు. మంచూరియాలో అలవాటైన పద్ధతి అది. ప్రజలు లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. జూన్ 15న పార్లమెంటు ఆవరణలో జరిగిన ఘర్షణలో ఒక విద్యార్థిని చనిపోయింది. అదే ఏడు మియికె బొగ్గుగనిలో పన్నెండు వందలకు పైగా కార్మికులను తొలగించినందుకు నిరసనగా మొదలైన సమ్మె తొమ్మిది నెలలకు పైగా సాగింది. యుద్ధకాలంలో చైనా, కొరియా కూలీలచేత బొగ్గు తవ్వించిన గనుల్లో మియికె ఒకటి. ఒప్పందం అమల్లోకి వచ్చింది, సమ్మె చివరకు ఓడిపోయింది. కాని కిషి కూడా నిలవలేదు. 1960 జులైలో రాజీనామా చేశాడు. అధికారిగా ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేకపోయారు. ఓటు అడిగి వచ్చాక వీధి ఆయన్ని దించగలిగింది. ఈ తేడాను మనసులో పెట్టుకుని ఇటు హైదరాబాదుకు రావాలి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. దాదాపు పదిహేను నెలలు సైనిక పాలన సాగింది. ఆ తర్వాత పాలన వెల్లోడి చేతికి వచ్చింది. ఆయన అప్పటికే బ్రిటిష్ ప్రభుత్వంలో పండిన అధికారి. యుద్ధకాలంలో బొంబాయిలో టెక్స్‌టైల్ కమిషనర్. తర్వాత లండన్‌లో భారత హైకమిషన్‌లో పనిచేశాడు. ఢిల్లీకి ఆయన మీద నమ్మకం ఉంది. హైదరాబాదు ప్రజలకు ఆయన ఎవరో తెలియదు.

1950 జనవరి 26 అనే తేదీ గమనించండి. దేశమంతా గణతంత్రం అయిన రోజు. వయోజనులందరికీ ఓటు ఉంటుందని రాసుకున్న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. సరిగ్గా ఆ రోజున హైదరాబాదు రాష్ట్రానికి, ఎవరి ఓటూ అక్కర్లేని ముఖ్యమంత్రి వచ్చాడు. ఆయన పైన రాజప్రముఖ్ ఎవరు? నిన్నటిదాకా రజాకార్లను మన మీదికి వదిలిన నిజామే. నిజాముకు ఏటా 50 లక్షల రాజభరణం. ఆయనతో పోరాడిన రైతులకు జైలు. శాసనసభ లేదు. బి తరగతి రాష్ట్రాలన్నింటి మీద కేంద్రానికి ప్రత్యేకమైన అదుపు రాజ్యాంగంలోనే ఉంది. చట్టం రాయించేదీ, అమలు చేసేదీ, అమలు ఎట్లా జరిగిందో ఢిల్లీకి నివేదిక పంపేదీ ఒకే సచివాలయం. 1950 మధ్యలో బూర్గుల రామకృష్ణారావు మొదలైన కాంగ్రెసు నాయకులు కొందరిని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. వాళ్ళూ ఎన్నికైనవాళ్ళు కారు, నియమించబడినవాళ్ళే. పోలీసు, శాంతిభద్రతల పగ్గాలు అధికారుల చేతుల్లోంచి జారలేదు.

ఆ పగ్గాలు ఎవరి మీద బిగిశాయి? అప్పటికి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మైదానాల్లోంచి అడవుల్లోకి జరిగింది. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో మిలటరీ క్యాంపులు పడ్డాక దళాలు కృష్ణా అడవుల వైపు, గోదావరి అడవుల వైపు మళ్ళాయి. అప్పుడు ఖమ్మం జిల్లా లేదు, మనమంతా వరంగల్ జిల్లాలో ఉండేవాళ్ళం. గోదావరి అప్పుడు ఒట్టి నది కాదు, సరిహద్దు. ఇటు ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యం, అటు ఒడ్డున భద్రాచలం మద్రాసు రాష్ట్రం. భద్రాచలం తాలూకా ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. రెండు ప్రభుత్వాల సరిహద్దు దగ్గర కోయవాళ్ళు, కొండరెడ్లు ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ చుట్టరికాలతో బతికారు. దళాలు కూడా ఆ చుట్టరికాల ఆసరాతోనే నిలిచాయి.

కోయవాళ్ళు దళాలకు అన్నం ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు సచివాలయంలో సిద్ధంగా ఒక జవాబు ఉండేది: అమాయకులు, బెదిరిస్తే పెట్టారు. ఇది అబద్ధం. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి పోడును నేరం చేశారు. అటవీ జవాను వస్తే కోడి ఇవ్వాలి, వెట్టి చేయాలి, కట్టెమోపుకు మామూలు చెల్లించాలి. షావుకారి వస్తే ఉప్పుకు, బట్టకు భూమే పోయేది. దళాలు వచ్చాక జవాను మామూలు ఆగింది, వెట్టి ఆగింది, పోడు కొట్టుకున్నవాణ్ణి పట్టుకుపోయేవాడు లేకపోయాడు. అన్నం పెట్టడానికి ఇంతకంటె పెద్ద కారణం కావాలా?

ప్రభుత్వం ఈ కారణాన్ని తొలగించలేదు. మనుషుల్నే తొలగించింది. అడవిలో చెదురుగా ఉన్న గూడేలను ఖాళీ చేయించి, ఇళ్ళు తగలబెట్టి, కోయవాళ్ళను రోడ్ల పక్క క్యాంపుల్లోకి తోలారు. ఇది ఇక్కడ పుట్టిన ఆలోచన కాదు. సరిగ్గా అదే 1950లో మలయాలో బ్రిటిష్ సైనికాధికారి హెరాల్డ్ బ్రిగ్స్ పేరుమీద ఒక పథకం మొదలైంది. అడవి అంచుల్లో ఉన్న దాదాపు ఐదు లక్షలమందిని, ముఖ్యంగా చైనా సంతతి పేద రైతులను, ముళ్ళకంచెల మధ్య కొత్త ఊళ్ళలోకి తరలించారు. చేపను పట్టలేకపోతే చెరువు తోడేయడం ఆ పద్ధతి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో ప్రచురించిన గ్రంథంలో గోదావరి అడవుల్లో జరిగినదాన్ని ఈ బ్రిగ్స్ పథకంతోనే పోల్చారు. స్వతంత్ర భారతదేశపు అధికారి, మలయాలో బ్రిటిష్ అధికారి ఒకే ఏడాది ఒకే ఉపాయానికి రావడం కాకతాళీయం కాదు. వాళ్ళు చదివిన బడి ఒకటే.

అడవి మీద బతికేవాణ్ణి అడవికి దూరం చేస్తే ఏమవుతుందో లెక్క వేయడానికి గణాంకాలు అక్కర్లేదు. పోడు గింజ పండదు. ఇప్పపూవు ఏరుకునే కాలంలో ఇప్పచెట్టు దగ్గర ఉండడు. గడ్డలు తవ్వుకోలేడు, వెదురు కొట్టుకోలేడు. పశువులు మేతలేక పోతాయి. ఇరుకు పాకల్లో రోగాలు వస్తాయి. క్యాంపులో ఇచ్చే గింజల కోసం చెయ్యి చాచి నిలబడాలి. తన అన్నం తాను తిన్నవాణ్ణి నెల తిరిగేసరికి ప్రభుత్వం దయమీద బతికేవాడిగా మారుస్తుంది క్యాంపు. మా వైపు గూడేల్లో ముసలివాళ్ళు ఆ కాలాన్ని తారీఖులతో చెప్పరు. మిలటరీ వచ్చినప్పుడు అంటారు. ఆ మాటలో రజాకార్ల కాలం, పోలీసు చర్య, క్యాంపులు అన్నీ కలిసి ఉంటాయి. చరిత్రకారుడు 1948 దగ్గర గీసిన గీత వాళ్ళ జ్ఞాపకంలో లేదు. వాళ్ళకి గీత లేకపోవడమే ఒక చారిత్రక సత్యం.

మొత్తం పోరాటకాలంలో నాలుగువేలమంది కమ్యూనిస్టులు, రైతాంగ యోధులు చనిపోయారని, పదివేలమంది మూడు నాలుగేళ్ళు జైళ్ళలోను, నిర్బంధ శిబిరాల్లోను మగ్గారని, కనీసం యాభైవేలమందిని పోలీసు, మిలటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయి హింసించారని సుందరయ్య లెక్క. ఈ మొత్తమంతా వెల్లోడి ఖాతాలో రాయడం న్యాయం కాదు. ఇందులో నిజాం వాటా ఉంది, చౌధురి వాటా ఉంది. కాని 1950, 51 సంవత్సరాల వాటా సచివాలయం మీదే పడుతుంది. ప్రత్యేక ట్రిబ్యునలు 1949లో ఉరిశిక్ష వేసిన పన్నెండుమంది నల్లగొండ రైతు ఖైదీలు ఆయన హయాములోనే ఉరితాడు ఎదురుగా పెట్టుకుని రోజులు లెక్కబెట్టారు. రాజ్యాంగం రాకముందే హైకోర్టులో తీర్పు అయిపోయింది కనుక సుప్రీంకోర్టులో అప్పీలు చేసుకునే హక్కు వాళ్ళకు లేదని వాదన నడిచింది. రాజ్యాంగం వారం రోజులు, నెల రోజులు ఆలస్యంగా వస్తే మనిషి ప్రాణానికి విలువ మారిపోతుందన్నమాట! వాళ్ళ తరఫున నిలబడడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వంటి న్యాయవాది రావలసివచ్చింది. దేశదేశాల్లో ఆందోళన జరిగింది. ఆ ఉరితాళ్ళు చివరకు బిగియలేదు. అది ఏ అధికారి దయా కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయంగా ఎదుర్కోవలసిన అభ్యంతరమే. వెల్లోడి కాలంలోనే కదా 1950 కౌలుదారీ చట్టం వచ్చింది, దేశంలో ఆనాటికి అంత ముందడుగు వేసిన చట్టాలు ఎన్ని ఉన్నాయి అని అడుగుతారు. నిజమే. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషను చౌధురి కాలంలో వచ్చింది. 1950 జూన్‌లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. నిర్ణీత కాలం వరుసగా దున్నిన కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించి, భూమి కొనుక్కునే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది. కాగితం మీద చూస్తే ఈ చట్టాన్ని తప్పు పట్టడం కష్టం.

అయితే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ చట్టాన్ని ఎవరు రాయించారు? పది లక్షల ఎకరాలు పంచుకున్న రైతులు రాయించారు. దొరల గడీలు ఖాళీ అయ్యాకే సచివాలయంలో భూసంస్కరణ ఫైలు కదిలింది. పోరాటం లేని జిల్లాలకు కూడా ఆ చట్టం వర్తించిందంటే, నల్లగొండ రైతు తన రక్తంతో మరాఠ్వాడా కౌలుదారుకు కూడా హక్కు సంపాదించి పెట్టాడన్నమాట. ఇక రెండో ప్రశ్న: చట్టం వచ్చాక ఏమైంది? ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఎ.ఎం. ఖుస్రో చేసిన పరిశీలన 1958లో వెలువడింది. 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైనవాళ్ళలో నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ హోదాలో మిగిలినవాళ్ళు సగానికి తక్కువ అని తేలింది. కొద్దిమంది భూమి కొనుక్కోగలిగారు. చాలామందిని చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టారు. ఇంకా చాలామంది భూమిని స్వచ్ఛందంగా వదులుకున్నట్లు కాగితాల్లో ఉంది. పేద కౌలుదారు దున్నే భూమిని స్వచ్ఛందంగా వదులుకుంటాడా? పటేలు పక్కన, పట్వారీ ఎదుట, పోలీసు క్యాంపు నీడలో వేసిన వేలిముద్ర అది.

చట్టాన్ని ఒక చేత్తో ఇచ్చి, దాన్ని నిలబెట్టగల సంఘాన్ని మరో చేత్తో అణచివేయడం వెల్లోడి పాలన సారం. సంఘం ఉన్న ఊళ్ళో చట్టం లేకపోయినా రైతు భూమి దున్నాడు. సంఘం పోయిన ఊళ్ళో చట్టం ఉండీ భూమి పోయింది. పారిపోయిన దొరలు ఎవరి రక్షణలో తిరిగి వచ్చారో తెలంగాణ పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కనుక అధికారికి పక్షం లేదనే మాట ఇక్కడ నిలవదు. వెల్లోడి సొంతానికి ఒక ఎకరం తీసుకున్నాడని నేను అనడం లేదు. బహుశా చాలా క్రమశిక్షణ గల మనిషే అయివుంటాడు. క్రమశిక్షణ దేనికి సేవ చేసిందనేదే ప్రశ్న. లంచం తీసుకోని చేత్తో గూడెం తగలబెట్టే ఉత్తర్వు మీద సంతకం పెడితే ఆ గూడెం కాలకుండా ఉంటుందా?

పాలనలో మరో పొర ఉంది. ఉపాధ్యాయుడిగా అది నాకు దగ్గరిది. ఉర్దూలో నడిచిన పాలన వేగంగా ఇంగ్లీషులోకి మారింది. స్థానికులు అసమర్థులు, నమ్మదగనివారు అనే భావంతో మద్రాసు రాష్ట్రం నుంచి, ఇతర ప్రాంతాల నుంచి ఉద్యోగులను తీసుకొచ్చారు. నిజాం కాలం నుంచి ఉన్న ముల్కీ నిబంధనలు కాగితం మీద ఉన్నాయి. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు చేతుల్లో ఉన్నాయి. ఉర్దూ మాధ్యమంలో చదివి కొత్తగా తెలుగు బళ్ళలో నిలబడవలసిన తెలంగాణ యువకుడికి ఉద్యోగం దొరకలేదు. అక్కసు లోలోపల పేరుకుంది. బూర్గుల ముఖ్యమంత్రి అయిన ఆరు నెలలకు, 1952 సెప్టెంబరు మొదట్లో, ముల్కీ ఆందోళనలో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ సంఘం కూర్చుంది. కాల్పుల అపకీర్తి ఎన్నికైన ప్రభుత్వానికి దక్కింది. కారణాల్లో పెద్ద భాగం దానికి ముందు రెండు మూడేళ్ళ నియామకాల్లో ఉంది.

ఆ నిప్పు ఆరలేదు. 1969 జనవరిలో రగిలినప్పుడు మొదట కనిపించిన పొగ మన పాల్వంచలోదే. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు రాలేదన్న అసంతృప్తి అక్కడి నుంచి ఖమ్మం విద్యార్థులకు, అక్కడి నుంచి తెలంగాణ అంతటికీ పాకింది. 1985లో 610 జీవో వచ్చింది. అదీ చాలాకాలం ఫైలుగానే ఉంది. 2014లో రాష్ట్రం వచ్చింది. దీనంతటికీ వెల్లోడే మూలమని అనడం తేలిక మాట అవుతుంది. పెద్దమనుషుల ఒప్పందాలు, వాటి ఉల్లంఘనలు, ధనిక వర్గాల పోటీలు ఎన్నో ఉన్నాయి. కాని ఒక ప్రాంతపు ఉద్యోగాల్లో ఆ ప్రాంతం వాళ్ళను అడగకుండా నింపుకుపోయే అలవాటు ఎన్నిక లేని ఆ రోజుల్లో గట్టిపడింది. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేనప్పుడు అదొక తప్పుగా కూడా తోచదు.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కొద్ది నెలలకే తొలి సాధారణ ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా ఉంది. ప్రజాస్వామ్య ఫ్రంటు పేరుతో పోటీ చేశారు. అభ్యర్థుల్లో కొందరు జైళ్ళలో, కొందరు రహస్య జీవితంలో ఉన్నారు. అయినా 175 స్థానాల్లో 42 ఫ్రంటు గెలుచుకుంది. కాంగ్రెసుకు 93 వచ్చాయి. నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు వచ్చాయి. క్యాంపుల కింద నలిగిన జిల్లా రెండేళ్ళ పాలన మీద ఇచ్చిన తీర్పు అది. అడగకపోయినా చెప్పిన జవాబు!

ఆ జవాబు వెల్లోడికి తగలలేదు. ఆయన పోటీ చేయలేదు కనుక ఓడిపోలేదు. 1952 మార్చి 6న కుర్చీ బూర్గులకు అప్పగించాడు. తర్వాత రక్షణ శాఖ కార్యదర్శి అయ్యాడు. 1957-58లో కేబినెట్ కార్యదర్శి అయ్యాడు. ఆ పైన స్విట్జర్లాండుకు రాయబారిగా వెళ్ళాడు. ఒక ఉద్యోగ జీవితంలో హైదరాబాదు ఒక బదిలీ మజిలీ. గూడెం కాలిన కోయవాడికి అది జీవితమంతా.

ఇక్కడే కిషికీ వెల్లోడికీ దారులు విడిపోతాయి. నేరాల బరువు తూస్తే ఇద్దరినీ ఒక తక్కెడలో పెట్టలేం. ఆక్రమిత దేశంలో వెట్టిచాకిరి సామ్రాజ్యాన్ని నడిపినవాడు కిషి. వెల్లోడి చేసింది వేరు. నేను పోల్చేది నేరాన్ని కాదు, జవాబుదారీని. కిషి ఫైలు వదిలి రాజకీయాల్లోకి దిగాడు. దిగినందుకు ఎన్నికల మురికి అంటుకుంది, వీధిలో దిష్టిబొమ్మ కాలింది, చివరికి పదవి పోయింది. వెల్లోడి రాజకీయ పీఠం ఎక్కి కూడా ఫైలు వదలలేదు. అధికారం రాజకీయ నాయకుడిది, రక్షణ ఉద్యోగిది. కనుక అధికారి రాజకీయాల్లోకి రావడం ప్రమాదమని కంగారు పడనక్కర్లేదు. ఉద్యోగం వదులుకుని పార్టీ పెట్టి ఓటు అడిగిన అధికారులు మన రాష్ట్రంలోనే ఉన్నారు. 1996లో ఐ.ఎ.ఎస్. వదిలిన జయప్రకాశ్ నారాయణ 2009లో కూకట్‌పల్లి నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన భావాలతో మనకు పేచీ ఉంటే ఉండవచ్చు, ఆ పేచీ బహిరంగంగా పడవచ్చు. రాజకీయం చేస్తూ అది రాజకీయం కాదని చెప్పే అధికారంతోనే పేచీ పడడం కష్టం.

మంచి అధికారులు లేరా అంటే ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ పేరు చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం అన్యాయం. వెట్టిచాకిరి రద్దుకు, దళితుల గిరిజనుల హక్కులకు ఆయన పడిన శ్రమ మన కళ్ళముందు ఉంది. అయితే ఆయన్ని పెద్దవాణ్ణి చేసిందేమిటి? ప్రజల బదులు తాను నిర్ణయిస్తానని ఆయన అనలేదు. ఉన్న చట్టాన్ని పేదవాడి చేతికి ఆయుధంగా అందించాలని చూశాడు. సంఘటితం కమ్మని వాళ్ళకే చెప్పాడు. శంకరన్ ఉదాహరణ అధికారి పాలనకు సమర్థన కాదు, దానికి విమర్శ.

ఇదంతా పాత కథ కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి హక్కు నిర్ణయం గ్రామసభలో మొదలు కావాలి. కాని చివరి మాట కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీది. గ్రామసభ తీర్మానం కంటె ఉపగ్రహ చిత్రానికి, అటవీ శాఖ అభ్యంతరానికి ఎక్కువ విలువ వచ్చిన చోట గూడెం మళ్ళీ 1950లోకి వెళ్ళిపోతుంది. మా బడికి గుండాల వైపు నుంచి, ములకలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్ళల్లో ఈ కాగితాల సంచి ఒకటి దూలానికి వేలాడుతూ ఉంటుంది. పట్టా వస్తుందా అని పిల్లవాడు మాష్టారును అడుగుతాడు. ఆ పిల్లవాడి ముత్తాతను అడగకుండా లారీ ఎక్కించిన రాజ్యం, ఈనాడు అడిగినట్టు రాసుకుని అడగకుండా ఉండడం నేర్చుకుంది.

చివరగా మన సాహిత్యం గురించి ఒక మాట. తెలంగాణ పోరాటం మీద వచ్చిన నవలల్లో దొర ఉన్నాడు, దేశ్‌ముఖు ఉన్నాడు, రజాకారు ఉన్నాడు, పోలీసు ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి నవలలు రెండూ పోలీసు చర్యకు ముందటి జీవితాన్ని చిత్రించినవి. పోలీసు చర్య తర్వాతి కాలాన్ని నవలలోకి తెచ్చిన దాశరథి రంగాచార్య 'జనపదం' వంటి ప్రయత్నాలు తక్కువ. ఆ తక్కువలో కూడా సచివాలయంలో కూర్చుని, ఎవరినీ కొట్టకుండా, ఎవరినీ తిట్టకుండా ఒక తాలూకాను ఖాళీ చేయించిన మనిషి పాత్రగా రాలేదు. కొరడా పట్టుకున్నవాణ్ణి చిత్రించడం మనకు వచ్చింది. కలం పట్టుకున్నవాణ్ణి చిత్రించడం రాలేదు. అతనిలో క్రూరత్వం ముఖం మీద కనబడదు, అందుకని మన రచయితలకు దొరకలేదు. వాస్తవికత పేరు చెప్పుకునే సాహిత్యానికి ఇది చిన్న లోపం కాదు.

క్యాంపుల్లో పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎనభై ఏళ్ళ పైబడినవాళ్ళు. మరో పదేళ్ళకు వాళ్ళు ఉండరు. ఏ రోడ్డు పక్కన ఏ గూడెం వాళ్ళను పెట్టారో, ఎన్నాళ్ళు ఉంచారో, తిరిగి వెళ్ళేసరికి పోడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళే చెప్పాలి. ప్రభుత్వ దస్తావేజుల్లో ఇది శాంతిభద్రతల పునరుద్ధరణగానే ఉంటుంది. అశ్వారావుపేట నుంచి ఏటూరునాగారం దాకా బళ్ళలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, రచయితలు ఒక్కొక్క గూడెం పంచుకుని, కోయ మాటల్లో చెప్పింది చెప్పినట్లు రాసుకురావాలి. ముందు గూడేల పేర్ల పట్టిక తయారు కావాలి. ఈ వేసవి సెలవుల్లో మేము ఇక్కడ నలుగురం ఆ పని మొదలుపెడుతున్నాం.